నాలుగో ముద్ర

మీరే ఆపారు ఆ పిల్ల చదువు. "అర్హత లేదు" అని ఎర్ర సిరాతో రెండు మాటలు రాసి, కింద పొట్టి సంతకం గీకి, ఫైలుకు తాడు కట్టి, టిఫిన్ గిన్నె విప్పుకున్న చేతులు మీవే. పైనున్నోళ్లు రూలు రాశారు. కిందనున్నోళ్లు రూలు చదివారు. నడుమనున్నోళ్లు తలూపారు. అన్ని తలకాయలు కలిసి ఇరవై మూడేండ్ల ఆడపిల్లను లా కాలేజీ గేటు బయట నిలబెట్టాయి. ఎట్ల నిలబెట్టారో మొత్తం వినండి. విన్నంక మాకు తెల్వదని మాత్రం అనకండి.

ఆమె పేరు సమ్మమ్మ. నర్సంపేట నుంచి నాలుగు మైళ్లు లోపలికి పోతే వాళ్ల ఊరు. ఊరి చివరన మాదిగవాడ. పెండ్లయిన ఆరేండ్ల దాకా కడుపు పండకపోతే తల్లి మేడారం సమ్మక్కకు మొక్కింది. పుట్టిన పిల్లకు ఆ దేవత పేరే పెట్టుకుని, పిల్లెత్తు బెల్లం తూచి ఇచ్చి వచ్చింది. పిల్లకు ఆరేండ్లు నిండంగనే జ్వరమొచ్చి తల్లి పోయింది. తండ్రి మొగిలయ్య నర్సంపేట మార్కెట్లో హమాలీ. పొద్దున బస్తాల కిందికి వంగితే మళ్లీ పొద్దుగూకినంకనే నడుం లేపేది. తల్లి లేని పిల్లను ఎక్కడ దింపాలె? మార్కెట్ వెనక చిన్న చర్చి, దాని పక్కన పది పన్నెండు మంది పిల్లలుండే బోర్డింగు ఉండేవి. అక్కడ దింపాడు.

ఆ చర్చి పాస్టరు సుందర్ రావు. అందరికీ అయ్యగారు. ఆయన భార్య ప్రమీల, అమ్మగారు. సమ్మమ్మ పదేండ్లు వాళ్ల చేతి అన్నం తిన్నది. జ్వరమొస్తే అమ్మగారి పక్కలోనే పండుకుంది. ఆదివారం చర్చిలో చివరి వరుసలో కూర్చుని పాట పాడేది. రెండేండ్లకొకసారి జాతర వచ్చిందంటే తండ్రి భుజాలెక్కి మేడారం పోయేది. ఈ రెండింట్లో నీదేది అని ఆ పిల్లను ఎవరూ అడగలేదు. బాప్తిస్మం ఇయ్యరా అని ఒకసారి మొగిలయ్యే అడిగితే అయ్యగారు నవ్వి, "పెద్దగైనంక దానికే తెలుస్తది మొగిలయ్యా. అన్నం పెట్టి బాప్తిస్మం అడుగుడు నాతోని గాదు" అన్నాడు.

ఊరికి మాత్రం ఒక్కటే లెక్క. ఊళ్లో హోటలుంది. వాడ మనుషుల గ్లాసులు హోటలు చూరు కింద బయట దోపి ఉంటాయి. ఎవరి గ్లాసు వాళ్లే తీసుకోవాలె, పైనుంచి పోస్తే తాగాలె, కడిగి మళ్లీ అక్కడే దోపాలె. సమ్మమ్మ ఆ గ్లాసులోనే తాగింది. అయ్యగారు ఊరికొచ్చినప్పుడు ఆయనకూ ఆ చూరు కింది గ్లాసే. ఆయన తాత కాలంలోనే మతం మారింది. గ్లాసు మారలేదు.

లా ఎందుకు చదివిందంటారా? ఆమెకు పద్నాలుగేండ్లప్పుడు పత్తి కుక్కిన బోరెం బస్తా జారి మొగిలయ్య పాదం నలిగింది. నష్టం కట్టియ్యమంటే అడ్తిదారు అసలు నువ్వు నా దగ్గర పని చేయనే లేదన్నాడు. తండ్రీబిడ్డా వరంగల్ వచ్చి కోర్టు దగ్గర వకీలును కలిశారు. ఆ వకీలు అరగంట మాట్లాడాడు, ఒక్కసారి కూడా మొగిలయ్య మొఖం చూడలేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల తండ్రిని, మన మాట మనమే చెప్పుకునుడు ఏ బడిలో నేర్పుతరు నాయినా అని అడిగింది. ఆ బడి వెతుక్కుంటూ వెతుక్కుంటూ బీఏ దాటి హన్మకొండలో ఒక ప్రైవేటు లా కాలేజీ దాకా వచ్చింది.

క్లాసులో నలభై మంది మొగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. రెండో అమ్మాయి ఓ పెద్ద వకీలు బిడ్డ. రిక్షాలో వచ్చి రిక్షాలో పోయేది. హాజరు పిలిచేటప్పుడు "సమ్మమ్మ" అనంగనే వెనక బెంచీల నుంచి ఎవడో ఒకడు పూనకం వచ్చినట్టు ఊఁ అనేవాడు. మొదటి యేడు ఆమెకు చెవులు కాలేవి. రెండో యేడుకు అలవాటైంది. అలవాటైనంక ఇంకా ఒంటరైంది.

కుమార్‌పల్లిలో ఓ ఇంటి వెనక రేకుల గదిలో ఉండేది. గది ఇచ్చేటప్పుడు ఇంటావిడ మీరే కులపోళ్లు అని అడగలేదు. లా చదువుతాందంటే పెద్దింటి పిల్లే అనుకుంది. సమ్మమ్మ కూడా చెప్పలేదు. మాట కలిపితే మాట ఊరు దాకా పోతుంది, ఊరి దాకా పోయింది వాడ దాకా పోతుంది. అందుకని మాటే కలపలేదు. బావి దగ్గర పలకరిస్తే తలూపి నీళ్లు తోడుకుని లోపలికి పోయేది. ఇంటావిడ ఈ పిల్లకు గీర అనుకుంది. మూడేండ్లు ఒక మనిషి గీర అనే పేరు మోసుకుని రేకుల కింద బతికింది. ఎండాకాలం ఆ రేకుల చప్పుడొక్కటే ఆమెతో మాట్లాడేది.

ఫీజుకూ తిండికీ ఆధారం సర్కారు స్కాలర్‌షిప్. ఎస్సీ పిల్లలకు వచ్చేది. ప్రతి యేడూ కొత్తగా ఫారం నింపాలె, తాసిల్దారు కాయితాలు పెట్టాలె. మంజూరైనట్టు ఉత్తరం వస్తేనే కాలేజీ పరీక్ష ఫారం తీసుకుంటుంది. లేకుంటే బాకీ మొత్తం ఒక్కసారి కట్టాలె. రెండేండ్లు ఆలస్యమైనా వచ్చింది. మూడో యేడు, ఎనభై మూడు జులైలో, ఫారం పెట్టే వారమే ఆమెకు కాలేజీలో పరీక్షలు పడ్డాయి. ఫారం నింపి సంతకం పెట్టి తండ్రికిచ్చింది. తాసిల్ ఆఫీసు కాయితాలు జత చేసి, హన్మకొండలో స్కాలర్‌షిప్పుల ఆఫీసులో ఇచ్చి పొమ్మంది.

ఇక్కడ మొగిలయ్య సంగతి చెప్పాలె. చదువు లేదు. ముప్పై ఏండ్లు మార్కెట్లో బతికినోడు. మార్కెట్లో బస్తా మీద ముద్ర పడందే ఏ హమాలీ భుజానికెత్తడు. ఎవరి మాలో, తూకం అయ్యిందో లేదో, గేటు దాటొచ్చో లేదో, అన్నీ ముద్రే చెప్తుంది. ఎన్ని ముద్రలుంటే బస్తాకు అంత భద్రం. ఆయనకు తెలిసిన ప్రపంచం అది. బిడ్డ ఫారం కూడా ఆయన కంటికి ఒక బస్తానే. ఉత్త తాసిల్దారు ముద్రతో పంపడానికి మనసొప్పలేదు. సర్పంచి దగ్గరికి పోయి మంచి పిల్ల అని రాయించి ముద్ర కొట్టించాడు. బళ్లో హెడ్మాష్టరుతో రాయించాడు. హమాలీ సంఘం కార్యదర్శితో రాయించాడు. నాలుగోది అయ్యగారి దగ్గర. అన్నింట్లోకి పెద్ద ముద్ర చర్చిదే, గుండ్రంగా, ఊదా రంగులో, నడుమ సిలువ. అయ్యగారు కూడా సంబరంగానే రాశాడు. తను పెంచిన పిల్ల వకీలు అవుతాంటే రెండు మంచి మాటలు రాయడానికి ఎవరు వెనకాడుతారు? నాలుగు కాయితాలూ గుండుసూదితో గుచ్చి, ఫారానికి జత చేసి ఇచ్చి, ఆ పూట కూలి పోయినా సరే అనుకుంటూ మొగిలయ్య నర్సంపేట బస్సెక్కాడు.

ఎనభై నాలుగు జనవరిలో కాలేజీ బోర్డు మీద మంజూరైన పేర్ల కాయితం అంటించారు. సమ్మమ్మ మూడుసార్లు పైనుంచి కిందికి చదివింది. తన పేరు లేదు. ఆఫీసుకు పోయింది.

ఆ సెక్షన్ గుమాస్తా కిషన్ రావు. చెడ్డోడు గాదు, అదే బాధ. చెడ్డోడైతే తిట్టుకుని బయట పడొచ్చు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, చప్రాసీతో మంచినీళ్లు ఇప్పించాడు, ఫైలు తీసి ఆమె వైపు తిప్పాడు. గుండుసూది కింద నాలుగో కాయితం. "సమ్మమ్మ మా సంఘపు బిడ్డ. చిన్ననాటి నుండి మా సంఘములో భక్తిశ్రద్ధలతో పెరిగినది. సత్ప్రవర్తన గలది." కింద ఊదా రంగు ముద్ర. పక్కన ఎర్ర సిరా.

"నువ్వు కిరస్తానీవైతివి. ఎస్సీ ఫారం ఎట్ల నింపినవమ్మా?" అన్నాడు కిషన్ రావు.

"నేను బాప్తిస్మం తీసుకోలే సార్."

"అంటే మీ అయ్యగారు అబద్ధం రాసిండా?"

అవునంటే పెంచినాయన అబద్ధాలకోరు. కాదంటే తన చదువు గల్లంతు. లా కాలేజీలో రెండున్నరేండ్లు సాక్షిని ఎట్ల ఇరికించాలో చదువుకున్న పిల్ల, ఇరుక్కున్నోళ్లకు నోరెందుకు రాదో ఆ రోజే నేర్చుకుంది.

కిషన్ రావు రూలు చెప్పాడు. పందొమ్మిది వందల యాభైలో వచ్చిన ఉత్తర్వు. హిందువో సిక్కో అయితేనే ఎస్సీ. చర్చికి పోయినోళ్లు బీసీ-సి. ఆ ఫారం వేరు, ఆ ఖాతా వేరు, ఆ ఖాతాలో ఈ యేడు పైసలు అయిపోయినాయి. పై ఆఫీసరు పట్టుకుంటే వెనకటి రెండేండ్లది కూడా వాపసు కట్టమనొచ్చని కూడా అన్నాడు, బెదిరించినట్టు గాక సొంత మనిషికి చెప్పినట్టే. ఆ ఉత్తర్వు ఆమెకు తెలుసు. రాజ్యాంగం పేపరులో దాని మీద ఏడు మార్కుల జవాబు రాసింది. రాసిన రోజు అది తన గురించే అనుకోలేదు.

దారి కూడా ఆయనే చెప్పాడు. స్టాంపు కాయితం మీద అఫిడవిట్ వేయాలె, ఆ చర్చితో నాకే సంబంధమూ లేదు, ఎన్నడూ లేదు అని. పాస్టరుతో ఇంకో ఉత్తరం తేవాలె, ఈ పిల్ల మా మనిషి గాదు అని. "రెండు కాయితాలు తెచ్చినవంటే ఫైలు మళ్ల పైకి పంపుత. ఫికర్ చెయ్యకు. కాకపోతే జాతర అయినంక రా. ఆఫీసంత మేడారం పోతాంది" అన్నాడు.

వినండి ఈ మాట మళ్లీ ఒకసారి. సమ్మక్క మొక్కుకు పుట్టి, ఆ పేరే పెట్టుకున్న పిల్లను నువ్వు మా దేవుళ్ల మనిషివి గాదని తేల్చి, ఆఫీసుకు తాళమేసి, సమ్మక్కకు బెల్లం పెట్టడానికి పోయినోళ్లు మీరు.

ఎన్నడూ లేదు అనే ఆ ఒక్క మాట రాయకుండా గడిచే తోవ ఏమన్నా ఉందా అని సమ్మమ్మ నెల రోజులు తిరిగింది. ప్రిన్సిపాలు ఆఫీసు గోడకు ఒక పాత కాయితం ఉండేది, లా విద్యార్థులకు ఇతర సహాయాలు అని. అందులో ఉన్న గుమ్మాలన్నీ ఎక్కింది.

వరంగల్‌లో ధాన్యం షావుకార్ల ట్రస్టు ఒకటి. ఆ గుమాస్తా మర్యాదగా ఫారమిచ్చాడు. ఫారంలో మూడో గడిలో కులం అనీ, దాని కింద చిన్న అక్షరాల్లో మావాళ్ల పిల్లలకు మాత్రమే అనీ ఉంది. చదివి మడిచి తిరిగిచ్చింది. తర్వాత బ్యాంకు చదువుల అప్పు. జామీనుకు భూమి పట్టా తెమ్మన్నారు. భూమి ఉన్నోడికి అప్పిస్తారట. ఆ భూమే ఉంటే బ్యాంకు గుమ్మం ఎవడెక్కుతాడు?

కోర్టు వకీళ్లలో రాంచందర్ అని ఒక పెద్దమనిషి పేద విద్యార్థులకు ఫీజు కడతాడని పేరు. పోయింది. ఆయన మంచి మాటలే మాట్లాడాడు. ఫీజు కడతా, బదులుగా పొద్దున పూట వచ్చి మా ఇంట్లో ఆడవాళ్లకు ఆసరాగా ఉండమన్నాడు. ఊరేదని అడిగాడు. చెప్పింది. వాడ దాకా పోవడానికి ఆయనకు రెండు ప్రశ్నలు పట్టాయి. అప్పుడు ఆసరా మాట కొద్దిగా మారింది. వంటింట్లోకి అవసరం లేదట, వాకిలి, వెనక దొడ్డి చూసుకుంటే చాలట. ఆలోచించుకుని వస్తానని సమ్మమ్మ బయటికొచ్చింది. గేటు దాటినంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

ఆఖరికి చర్చీల పెద్ద సొసైటీ ఇచ్చే చదువుల సాయం గుర్తొచ్చింది. దాని ఫారం అయ్యగారి దగ్గర ఉంటుంది. ఆదివారం నర్సంపేట పోయింది. ఆరాధన అయిపోయి జనం పోయినంక అమ్మగారు పళ్లెంలో అన్నం పెట్టింది. తింటూనే ఫారం చూసింది. మొదటి గడే బాప్తిస్మం తేదీ. సర్కారుకు ఈమె మరీ ఎక్కువ కిరస్తానీ. సొసైటీకి చాలనంత కిరస్తానీ గాదు. ఆ ఫారం పట్టుకుని ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మగారు పళ్లెం పక్కన పెట్టి, ఏమైందే బిడ్డా అని అడిగింది. అప్పుడు చెప్పింది, ఉత్తరం సంగతీ, ఎర్ర సిరా సంగతీ, కిషన్ రావు అడిగిన రెండు కాయితాల సంగతీ.

అయ్యగారు బల్ల సొరుగు లాగి సంఘం పేరున్న కాయితం తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. "పై తెల్పబడిన సమ్మమ్మకు మా సంఘముతో" అని రాసి ఆగాడు. పెన్ను ఆ 'తో' మీదనే నిలబడి సిరా మచ్చ కట్టింది.

"పదేండ్లు నా పక్కల పండుకున్న పిల్లను ఎవరో అని రాస్తవా?" అన్నది అమ్మగారు.

"రాయకపోతే దాని చదువు పోతది ప్రమీలా."

ఆయన చెయ్యి ఆ 'తో' దగ్గరే ఉంది. అరవై దాటిన మనిషి. ఎవరి పెండ్లికైనా చావుకైనా ఆ చెయ్యే రాసిచ్చేది, ఎన్నడూ ఆగలేదు. సమ్మమ్మ లేచి ఆ కాయితాన్ని మెల్లగా ఆయన చేతి కింది నుంచి లాగి నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుంది.

"వద్దు అయ్యగారూ. మీరు రాసింది నిజమే. నిజమే ఉండనియ్యండ్రి" అన్నది.

జులైలో రాసిన ఆ మంచి ఉత్తరం కూడా వాపసు తీసుకుంటానని ఆయనంటే అదీ వద్దంది. ఒక్కటే అడిగింది. ఈ ముచ్చట నాయినకు చెప్పకుండ్రి అని.

ఆమె మోసిన బరువు అది. తండ్రికి చెప్పలేదు. చెప్తే ఆయన తన చేతులతోనే బిడ్డ నోటి కాడి కూడు తీశానని తెలుసుకుంటాడు. ఇంటావిడకు చెప్పలేదు, చెప్తే గది పోతుంది. క్లాసులో చెప్పలేదు, ఊఁ అనేవాళ్లకు ఇంకో పాట దొరుకుతుంది. పట్నంలో ఇన్ని గుమ్మాలు తిరిగిన పిల్లకు తన సంగతి చెప్పుకోవడానికి ఒక్క గుమ్మం లేదు.

జాతర అయినంక మొగిలయ్య పత్తి లారీ మీద వరంగల్ వచ్చాడు. స్టేషన్ రోడ్డులో ఒక హోటలుకు బిడ్డను తీసుకుపోయాడు. మేడారం నుంచి తెచ్చిన బెల్లం ముక్క కాయితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఈసారి నువ్వు రాకపోతివి, నీ పేరు మీద నేనే మొక్కిన అన్నాడు. చాయ్ వచ్చింది. అది పట్నం హోటలు. అందరికీ ఒకే గ్లాసులు, కడగడానికి వేరే మనిషి. మొగిలయ్య తాగడం అయిపోంగనే గ్లాసు పట్టుకుని లేచి, తొట్టి దగ్గరికి పోయి, కడిగి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. చూరు కోసం చూశాడు. హోటలు మనిషి నవ్వి, ఇటియ్యి పెద్దాయనా అని తీసుకున్నాడు.

వచ్చి కూర్చుని, "ఆ గుండ్రటి ముద్ర చూసి ఆఫీసుల ఏమన్నరే?" అన్నాడు.

"మంచిగున్నదన్నరు నాయినా."

"అనరా మరి. అంత పెద్ద ముద్ర ఇంకెవరి కాయితం మీదుంటది" అని మీసం కింద నవ్వుకున్నాడు. ఆమె బెల్లం నోట్లో వేసుకుంది.

తెల్లారి కోర్టులుండే అదాలత్ దగ్గరికి పోయింది. చెట్ల కింద వరుసగా టైపు మిషన్లు. ఒక మిషన్ ముందు యాకయ్య అనే ముసలాయన, కోర్టు కాయితాలు టైపు చేసీ చేసీ వేళ్ల కొసలు పలక బారినోడు. ఇట్లాంటి అఫిడవిట్‌కు ఆయన దగ్గర తయారు నమూనానే ఉంది. ఎంతమంది ఈ తోవలో వచ్చారో మీరే లెక్కేసుకోండి. పేరు, ఊరు నింపితే చాలు. ఏ విధమైన సంబంధము లేదు, ఎన్నడును లేదు. ఐదు నిమిషాల పని. సంతకం పెడితే చదువు, పరీక్ష, నల్లకోటు. అమ్మగారి పక్కా, అయ్యగారి అన్నమూ ఆ ఐదు నిమిషాల్లో స్టాంపు కాయితం మీద చచ్చిపోతాయి. ఆమె ఆ నమూనా రెండుసార్లు చదివి పక్కన పెట్టింది.

"నేను చెప్త, నువ్వు కొట్టు కాకా" అన్నది.

ఆమె చెప్పింది. నేను బాప్తిస్మం తీసుకోలేదు. పదేండ్లు ఆ చర్చి అన్నం తిన్నాను. ఆ చర్చితో నాకు సంబంధం ఉంది, ఇక ముందు కూడా ఉంటుంది. మేడారంతో కూడా ఉంది. మా ఊరి హోటల్లో నా గ్లాసు చూరు కిందనే ఉంది. పాస్టరు గారి గ్లాసు కూడా దాని పక్కనే ఉంది. నా కులం ఏదో ఆ హోటలు వాణ్ణి అడిగితే చెప్తాడు.

యాకయ్య వేళ్లు ఆగాయి. "గ్లాసు ముచ్చట అఫిడవిట్ల రాస్తరా బిడ్డా?"

"రాయి కాకా. ఇందుల రుజువున్న మాట అదొక్కటే."

ఆయన కొట్టాడు. కూలి తీసుకోలేదు.

కిషన్ రావు ఆ కాయితం నిలబడే చదివాడు. చదివి కూర్చున్నాడు. ఇది అఫిడవిట్ గాదమ్మా, కథ అన్నాడు. నమూనాలో లేని మాటను పైకి పంపితే నన్నే అడుగుతరు అన్నాడు. ఆమె పంపండ్రి సార్ అని మాత్రం అంది. ఆయన నిట్టూర్చి, వివరణ కోసం అని రాసి పై బల్లకు పంపాడు. పై బల్ల దాన్ని ఇంకో బల్లకు పంపింది. వారానికి రెండుసార్లు ఆమె ఆ వరండా బెంచీ మీద కూర్చుంది. చప్రాసీకి ఆమె ముఖం అలవాటై, రాంగనే ఇంకా రాలేదమ్మా అని దూరం నుంచే చెయ్యూపేవాడు. మార్చి దాటింది. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ దాటింది. ఫైలు బల్లల మీద నడుస్తానే ఉంది.

పరీక్షలు మొదలైన రోజు ఆమె కాలేజీ గేటు దాకా పోయింది. లోపల గంట కొట్టారు. మనుషులు లోపలికి పోయారు. ఆమె ఎదురుగా సైకిళ్ల షాపు నీడలో నిలబడింది. మధ్యాహ్నం పరీక్ష అయి జనం బయటికొచ్చేటప్పుడు వెంకటయ్య అనే వయసు మళ్లిన తోటి విద్యార్థి, సర్కారు బడిలో పంతులు, ఆమెను చూసి ఆగాడు. చేతిలో ఉన్న ప్రశ్నపత్రం ఆమెకిచ్చి పోయాడు.

ఆమె గదికి పోయి, గొళ్లెం పెట్టుకుని, గడియారం ఎదురుగా పెట్టుకుని ఆ పరీక్ష రాసింది. పాత నోట్సుల వెనక వైపు తెల్ల కాయితాల మీద. మూడు గంటలు. పుస్తకం తెరవలేదు. రేకులు కాలుతుంటే చెమట కాయితం మీద పడకుండా మోచేతికి గుడ్డ చుట్టుకుంది. మూడు గంటలు కాంగనే సగం వాక్యంలో పెన్ను పెట్టేసింది. అట్ల ఆరు పేపర్లు, ఆరు మధ్యాహ్నాలు. ప్రతిసారీ వెంకటయ్య గేటు దగ్గర ప్రశ్నపత్రం ఇచ్చి పోయాడు. ప్రతిసారీ రాసింది, దారంతో కుట్టింది, పైన తన నంబరు వేయబోయి ఆగింది. నంబరు లేదు కదా. సమ్మమ్మ, తండ్రి మొగిలయ్య అని వేసింది. ఆ ఆరు కట్టలు ఆమె పెట్టెలో బట్టల కింద ఉన్నాయి. దిద్దేవాడు లేడు. కిటికీలోంచి ఇంటావిడ తొంగి చూసి, పరీక్షలకు బాగ చదువుతాన్నవా అంటే తలూపింది.

మొగిలయ్యకు పరీక్షలు అయిపోయినాయనే తెలుసు. ఎట్ల రాసినవ్ అంటే అన్నీ రాసిన నాయినా అంది. అది అబద్ధం గాదు. ఆయన మార్కెట్లో తోటి హమాలీలకు నా బిడ్డ వకీలైతాంది అని చెప్పుకుంటున్నాడు. ఇంకేమన్నా ముద్రలు కావాల్నా అని ఇప్పటికీ కబురు పెడుతున్నాడు.

సెప్టెంబరులో పరీక్షలు మళ్లీ ఉన్నాయి. ఫీజు ఆఖరు తేదీ ఆగస్టు పదహారు. ఈ రోజు పద్నాలుగు. రేపు ఆఫీసులకు సెలవు. అంటే మీకు మిగిలింది ఈ పూట, ఎల్లుండి పూట. సమ్మమ్మ మీ వరండాలో అదే బెంచీ మీద ఉంది. తల తిప్పితే కనిపిస్తుంది.

ఫైలు బల్లల మీద తిప్పుడు ఆపండి. చర్చికి పోయిందా, జాతరకు పోయిందా అని అడుగుడు ఆపండి. అడగాల్సింది ఉంటే నర్సంపేట బస్సెక్కి నాలుగు మైళ్లు నడిచి ఆ హోటలు చూరు కింద ఏ గ్లాసు ఎవరిదో చూసి రండి. ఆ గ్లాసు అక్కడ ఉన్నన్ని రోజులు ఆ వాడ పిల్లలకు, చర్చికి పోయేటోళ్లకూ పోనోళ్లకూ, స్కాలర్‌షిప్ ఇయ్యండి. జులైలో ఫారం పెడితే జులైలోనే ఇయ్యండి. వెనకటి రెండేండ్ల మాట ఎత్తకండి. మొగిలయ్య తెచ్చిన నాలుగో కాయితాన్ని ఫైలులోంచి తీయకండి, అది అక్కడే ఉండాలె. ఎర్ర సిరాతో రాసిన ఆ రెండు మాటలు కొట్టేయండి. ఆ ఊదా రంగు ముద్ర పక్కన కొంత జాగా ఉంది. అక్కడ మంజూరు అని రాసి సంతకం పెట్టండి. ఈ పూటే పెట్టండి.